కాడి కట్టని రౌటర్

మొన్న బెంగళూరులో ఒక పెద్ద అంగట్లో ఫ్రిజ్ చూస్తూ, నాకు తెలియకుండానే దాని పక్కను అరచేత్తో చరిచి, ముఖం వేలాడేసుకొని నిలబడ్డాను. అమ్మే అమ్మాయి "ఏమైనా ఇబ్బందా సార్?" అని అడిగింది. ఇబ్బందేమీ లేదు, ఫ్రిజ్ నచ్చింది. నచ్చినప్పుడు అలా ముఖం పెట్టాలని నాకు నేర్పిన మనిషి పోయి చాలా ఏళ్లయింది. అదంతా ఆ అమ్మాయికి చెప్పేలోపు ఆఫర్ అయిపోతుందని ఊరుకున్నాను.

ఆయన చింతామణిలో మా వీధి చివర ఉండేవాడు. ఎద్దుల దలాలి. సంతలో కొనేవాడి పక్కన నిలబడి, ఎద్దును చూసి, బేరం కుదిర్చి, దాన్ని ఇంటిదాకా తోలిచ్చి రావడం ఆయన పని. పేరు ఒకటి ఉండే ఉంటుంది. దాంతో ఎవరికీ అవసరం పడలేదు. మా నాన్న 'అన్నా' అనేవాడు, నేను 'పెద్దప్పా' అనేవాణ్ణి. చుట్టరికం లేదు. మాది కిరాణా అంగడి, ఆయనది ఎద్దుల లోకం. ఒకే వీధిలో ఉండటం తప్ప మా వరసలకు వేరే ఆధారం లేదు.

మనిషి సన్నగా, నిటారుగా ఉండేవాడు. ఎవరితో నడిచినా ఒక అడుగు వెనకబడి, కొంచెం ఎడమకు జరిగి నడిచేవాడు. ముందు పోయేది మా నాన్నే అయినా, ఆయన కళ్లు మాత్రం నాన్న కాళ్ల మీద ఉండేవి, ఎక్కడైనా కుంటుతున్నాడేమోనని. బస్సు మలుపు తిరిగేటప్పుడు నాలుకతో చిన్నగా అదిలించేవాడు. బాగేపల్లి రూట్లో డ్రైవర్లు దానికి అలవాటు పడిపోయారు. ఆయన ఎక్కని రోజున బండి మలుపు దగ్గర మొరాయిస్తుందని ఒక కండక్టరు అంటుండేవాడు.

సరుకు నచ్చితే ఆయన ముఖం చావింటికి వెళ్లినట్టు అయ్యేది. నచ్చకపోతే నోరారా మెచ్చుకునేవాడు. "ఎంత లక్షణంగా ఉండాదప్పా" అన్నాడంటే, అక్కణ్ణుంచి కదలమని అర్థం. ఈ భాష తెలియని ఒక కొత్త రైతు, ఆయన అంతగా పొగిడిన ఎద్దును ఆయన పక్కకు తిరిగేలోగా కొనేశాడట. ఆ రైతు తర్వాత ఎద్దుల జోలికి పోకుండా పట్టుపురుగులు పెట్టుకున్నాడు.

ట్రాక్టర్లు వచ్చాక సంతలు పలచబడ్డాయి. ట్రాక్టరుకు చూసి ఎంచడానికి సుడులుండవు, పళ్లుండవు. అయినా మా చుట్టుపక్కల ఒక అలవాటు చాలాకాలం మిగిలింది. ఇంటికి ఏ వస్తువు తేవాలన్నా ఆయన్ను వెంట తీసుకుపోయేవాళ్లు. కుట్టుమిషను, మంచం, పాత స్కూటరు, మా ఇంటి గ్రైండరు, అన్నీ ఆయన అరచేత్తో చరిచి ఒప్పుకున్నవే. శిడ్లఘట్టలో ఒకాయన పట్టుదారం తీసే యూనిట్‌కు మోటారు కొంటుంటే, దాని చుట్టూ తిరిగి "ముందుకాలు యాడుండాది?" అని అడిగాడని చెప్పుకుంటారు. నేను నమ్మను. నమ్మనివాళ్ల సంఖ్య మా ఊళ్లో మొదటినుంచీ తక్కువే.

తర్వాత అదీ తగ్గింది. డబ్బా మీదే ధర అచ్చేసి ఉంటే దలాలికి చోటెక్కడ? చిక్కబళ్లాపురం నుంచి కూడా మనుషులు వచ్చి ఆయన గడప ముందు చెప్పులు విడిచిన రోజులుండేవి. ఇప్పుడు పొద్దున్నే తెల్లపంచె కట్టి, కండువా వేసుకొని, ఎవరైనా పిలుస్తారేమోనని అరుగు మీద కూర్చునేవాడు. ఎండ అరుగెక్కాక లోపలికి పోయేవాడు. అంగడికి పోతూ మా నాన్న రోజూ ఇది చూసేవాడు.

"కూడు తక్కువైనోనికి కూడు పెట్టొచ్చురా. పిలుపు తక్కువైనోనికి యాడ నుంచి తెచ్చి పెడతావు?" అన్నాడొకసారి.

అది రెండువేల ఎనిమిదో తొమ్మిదో అయుండాలి. మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. టెలిఫోన్ ఆఫీసు వాళ్లు ఇచ్చిన మోడెం హాల్లో, ఫోను పక్కన కూర్చుంది. దాని తీగ ఒక్క కంప్యూటరుకే అందేది. నా భార్య ఇంటినుంచే పని చేసేది. ఎక్కడో డాక్టర్లు రోగుల గురించి గొణిగి రికార్డు చేసినదాన్ని విని, టైపు చేసి పంపాలి. హాల్లో నాన్న టీవీ వార్తలు వినేవాడు, చెవి కొంచెం మందం కాబట్టి వీధి కూడా వినేది. డాక్టరు రోగి గుండె గురించి చెప్తుండగా టీవీలో ఎవరో రాజీనామా చేసేవాడు. ఇలా ఎవరి జబ్బు ఎవరికి అంటుకుంటుందో చెప్పలేని పరిస్థితి వచ్చాక, ఆమె వెనకగదిలో తలుపేసుకొని పని చేసుకునేలా వైర్‌లెస్ రౌటర్ కొనాలని నిర్ణయించుకున్నాం.

నేను వారం రోజులు ఇంటర్నెట్‌లో చదివి, నాలుగు రకాల రౌటర్ల గుణగణాలు ప్రింటు తీసుకున్నాను. చదువుకున్నవాడు తనకు తెలియని పనిని కాగితం మీదకు ఎక్కిస్తే సగం తెలిసినట్టు ఉంటుంది. బయల్దేరుతుంటే నాన్న, "అన్నను పిలుద్దాం" అన్నాడు.

అది ఎద్దు కాదని నేను మనవి చేశాను.

"ఎద్దు కాదని నాకూ తెలుసు" అన్నాడు నాన్న.

నేను చదివిన ఎం.కామ్‌ను ప్రింటు కాగితాల మధ్య మడిచిపెట్టి లేచాను. వెళ్లి పిలిచాను. ఆయన వెంటనే లేవలేదు. పని మధ్యలో ఉన్నవాడిలా కాసేపు వీధిని అటూ ఇటూ చూసి, "ఈ పొద్దు వేరే చోటికి పోదామని ఉంటి. సరే పదప్పా" అన్నాడు. కండువా దులిపి భుజాన వేసుకోవడంలో మాత్రం ఆలస్యమేమీ కనిపించలేదు.

కంప్యూటర్ల అంగడి బస్టాండు దగ్గర ఉండేది. అంగడాయనకు ముప్పై ఏళ్లుంటాయి. మర్యాదస్థుడు, తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవాడు. గాజుబల్ల మీద మూడు రౌటర్లు పెట్టాడు. నేను ప్రింటు కాగితాలు తీశాను. పెద్దప్ప కాగితాల వైపు చూడలేదు. మొదటి రౌటర్‌ను రెండు చేతుల్లోకి తీసుకొని, దానికున్న రెండు యాంటెన్నాలను బొటనవేళ్లతో సరిచూశాడు. ఒకటి కొంచెం వదులు. "ఎంత లక్షణంగా ఉండాదప్పా" అని పక్కన పెట్టేశాడు. నేను వారంపాటు చదివి మొదటి స్థానం ఇచ్చింది దానికే.

రెండోదాన్ని వెనక్కి తిప్పాడు. అక్కడ కేబుల్ గుచ్చే నాలుగు రంధ్రాలున్నాయి.

"నాలుగు పళ్ల మీద ఉండాది. వయసులోనే ఉండాది" అన్నాడు.

ఎద్దు వయసు పళ్లతో లెక్క కడతారని అంగడాయనకు తెలియదు. వారంటీ ఏడాది ఉందని చెప్పాడు. పెద్దప్ప తలూపాడు. దాన్ని చరిచాడు. ముఖం మెల్లగా జారిపోయింది. నాన్న నా మోచేతిని నొక్కాడు. ఎంపిక అయిపోయింది.

ఆయన కండువా కింద చెయ్యి పెట్టి అంగడాయన వైపు చాచాడు. సంతలో ధర నోటితో చెప్పరు, పక్కవాళ్లకు తెలియకుండా కండువా కింద వేళ్లు పట్టి చెప్పుకుంటారు. అంగడాయన దాన్ని కరచాలనమనుకొని గట్టిగా ఊపి, "థ్యాంక్స్ తాతా" అన్నాడు. పెద్దప్ప చెయ్యి వెనక్కి తీసుకొని కాసేపు దాన్నే చూసుకున్నాడు. అంత సుళువుగా ముగిసిన బేరం ఆయన జీవితంలో ఇంకొకటి ఉండదు.

అంతటితో ఇంటికి వచ్చి ఉంటే ఈ కథ లేదు. డబ్బా కట్టిస్తుంటే ఆయన, "ఇంగొగటి?" అన్నాడు.

ఒకటి చాలని చెప్పాను. ఆయన నన్ను కాదు, మా నాన్నను చూశాడు.

"ఒగ ఎద్దుతో యాడన్నా మడక కట్టి దున్నుతారా? అమ్మేవోడు ఒంటిదాన్నైనా అమ్ముతాడు. కొనుక్కొని పోయినోడు ఊర్లో నవ్వులపాలైతాడు."

అంగడాయన రెండో డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. వ్యాపారంలో అది అభిప్రాయమే. నేను ఇంకోసారి నోరు తెరవబోతే నాన్న నా వైపు ఒక చూపు చూశాడు. ఎన్నాళ్ల తర్వాత పిలిచామో గుర్తుచేసే చూపు అది. రెండు రౌటర్లు కొన్నాం. ఒకే కంపెనీవి, ఒకే రంగువి, ఒకే కొమ్ములవి. దారి పొడుగునా ఆయన మా వెనక, కొంచెం ఎడమకు జరిగి నడిచాడు. ఎదురైనవాళ్లు చేతుల్లోవి ఏమిటని అడిగితే మాకంటే ముందు ఆయనే, "జోడీ" అని చెప్పాడు.

ఇంట్లో నా భార్య రెండింటికీ పసుపు కుంకుమ పెట్టింది. అది భక్తో ఎగతాళో తెలుసుకునే మార్గం పెళ్లైనప్పటి నుంచీ నాకు దొరకలేదు. ఆయన దిష్టి తగలకుండా ఒకదాని యాంటెన్నాకు నల్లదారం కట్టి, బల్ల మీద రెండింటినీ పక్కపక్కన నిలిపాడు. కుడివైపుది వలపటిది, ఎడమవైపుది దాపటిది. కాడి కింద ఎద్దులను అలాగే పిలుస్తారు.

నేను ఒకదాన్ని మోడెంకు, రెండోదాన్ని మొదటిదానికి తగిలించాను. రెండింటికీ కంపెనీ ఒకే పేరు, ఒకే చిరునామా పెట్టి పంపింది. కవలలిద్దరికీ ఒకే పేరు పెట్టి ఒకే బడిలో వేసినట్టు. హాజరు పిలిస్తే ఇద్దరూ పలికారు, ఆ తర్వాత ఎవరూ పలకలేదు. ఇంటర్నెట్ మొత్తం నిలిచిపోయింది. వాటికి వేరువేరు పేర్లు పెట్టవచ్చని నాకు అప్పటికి తెలియదు, ప్రింటు కాగితాల్లో జోడీల ప్రస్తావన లేదు. పెద్దప్ప ఎదురుగా కూర్చొని, కొత్త ఎద్దులు మొదటిరోజు బెదురుతాయని నాకే ధైర్యం చెప్పి ఇంటికి పోయాడు.

ఆయన వెళ్లాక నా భార్య దాపటిదాని కేబుల్ పీకేసింది. వలపటిది వెంటనే పని చేసింది. మధ్యలో రాతిగోడ ఉండటంవల్ల వెనకగదికి సిగ్నల్ నీరసంగానే చేరింది గాని, చేరింది. ఆమె మంచాన్ని గుమ్మం దగ్గరికి లాక్కొని పనిలో పడింది. దాపటిదాన్ని ఏం చేయాలి? నాన్న అడిగింది ఒకటే: "దానికి దీపం వెలుగుతాదా?" వెలుగుతుందన్నాను. కరెంటు తీగ ఒక్కటి తగిలించి ఉంచాం.

ఆ రోజు నుంచి ఆయన ప్రతి సాయంత్రం వచ్చేవాడు. కాఫీ గ్లాసు పట్టుకొని, వాటికి ఎదురుగా కూర్చునేవాడు.

"మేత తింటాండాయా?"

"తింటాండాయి పెద్దప్పా" అనేవాణ్ణి.

కరెంటు పోతే "పడుకొన్యాయి" అనేవాడు. వస్తే "లేచినాయి" అనేవాడు. ఇందులో ఎంత వేళాకోళమో ఎంత నిజమో నేను ఎప్పుడూ తేల్చుకోలేదు. మనిషి మాత్రం నెమ్మదిగా తేరుకుంటూ వచ్చాడు. పొద్దున అరుగు మీద కూర్చున్నా ఇప్పుడు ఎదురుచూస్తున్నట్టు ఉండేవాడు కాదు. దారిన పోయేవాళ్లను పిలిచి, ఫలానావాళ్లింట్లో ఇంటర్నెట్‌కు తనే జోడీ చూసి ఇచ్చానని చెప్పేవాడు. విన్నవాళ్లు మా ఇంటికి వచ్చి చూసిపోయేవాళ్లు. దాపటిదాని కథ బయటపడితే ఆ అరుగు మళ్లీ ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు. అందుకని ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా దాని దీపం ఆరకుండా చూసుకున్నాం.

ఎద్దుల కళ్లు చదివిన మనిషి దీపాలు చదవలేడని అనుకోవడం మా పొరపాటు. ఒక సాయంత్రం కాఫీ సగంలో గ్లాసు కింద పెట్టాడు.

"వలపటిది కన్నులు కొడతానే ఉండాది. దాపటిది ఒగే కన్నుతో ఊరికే సూస్తాండాది. ఏమప్పా?"

నేను సర్వర్, లోడు, వాతావరణం అని మూడు మాటలు అన్నాను. మూడూ నిఘంటువుల్లో ఉన్నాయి, ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. ఆయన లేచి బల్ల వెనక్కి వంగి చూశాడు. ఒకదానికి తీగలు రెండు, ఇంకోదానికి ఒక్కటే.

"దీనికి కాడి కట్లేదే" అన్నాడు.

నాన్న టీవీ గొంతు పెంచాడు. నా భార్య గుమ్మంలోంచి లేచి వచ్చి ఆ టీవీ ఆపేసింది.

"అది పని చేసేది లేదు పెద్దప్పా. రెండూ కడితే రెండూ నిలిచిపోతాయి. దీనికి ఒకటే చాలు. మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు."

"ఎప్పుటి నుంచి?"

"తెచ్చిన పొద్దు నుంచి."

ఆయన వేళ్లతో కండువా అంచును నలుపుతూ ఉండిపోయాడు. తర్వాత ఆమెతోనే అన్నాడు, మా ఇద్దరితో కాదు:

"చెప్పల్ల కదమ్మా. కుంటిదాన్ని తోలిచ్చి, ఆ ఇంట్లోనే కూచోని ఇన్నిదినాలు కాఫీ తాగితినే."

దాపటిదాని తీగ పీకి, దాని డబ్బా అడిగి, అందులో పెట్టి కండువాలో చుట్టుకున్నాడు. నాన్న అడ్డం లేచాడు. ఉంటే ఉండనీ అన్నా, మాకేమీ బరువు లేదన్నాడు. అంగట్లో అడగాల్సి వస్తే తను పోయి అడుగుతానన్నాడు. ఆయన వినలేదు. సంతలో ఒక పద్ధతి ఉంది. తోలిచ్చిన ఎద్దు కాడికి రాకపోతే, దలాలే దాన్ని మళ్లీ తోలుకుపోయి అమ్మినవాడికి అప్పజెప్పి రావాలి. కొన్నవాణ్ణి పంపకూడదు. "మాట నాది. నడక కూడా నాదే" అని వెళ్లిపోయాడు. గ్లాసులో కాఫీ సగం అలాగే ఉంది.

ఆ తర్వాత ఆయన మా ఇంటికి రాలేదు. పొద్దున అరుగు మీదా కనిపించలేదు. నాన్న అంగడికి పోతూ ఆ గడప ముందు నడక తగ్గించి, లోపలికి తొంగిచూసి, దిగులుగా పోయేవాడు. నాలుగైదు రోజులకు నాకూ భయం పట్టింది. విప్పిన డబ్బాను, వాడిన సరుకును ఏ అంగడివాడు వాపసు తీసుకుంటాడు? ఊళ్లో అందరి ముందూ ఆ ముసలాయన్ను కసురుకొని పంపించి ఉంటాడనుకున్నాను. కనీసం బిల్లు చూపిస్తే పని జరుగుతుందేమోనని, సొరుగులో వెతికి జేబులో పెట్టుకొని బస్టాండు దారి పట్టాను.

పెద్దప్ప ఆ కంప్యూటర్ల అంగడి ముందు స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. ఒళ్లో డబ్బా. తెల్లపంచె. రోడ్డుకు ఇవతల చెరకురసం బండి వెనక నేను ఆగాను. అక్కణ్ణుంచి అన్నీ వినిపిస్తున్నాయి.

జంగమకోట వైపు నుంచి వచ్చినట్టున్నారు, ఒక రైతు, ఆయన భార్య. గాజుబల్ల మీద రౌటర్ ఉంది. రైతు మాత్రం దాన్ని వదిలి ముసలాయన ఒళ్లోని డబ్బాను చూస్తున్నాడు.

"ఏమప్పా, వాపసు తెచ్చినావా? సరుకు బాగలేదా?"

లోపల అంగడాయన చేతిలో పని ఆపి తలెత్తాడు.

"సరుక్కేం, బంగారం. తప్పు కొనిచ్చినోనిది" అన్నాడు పెద్దప్ప. "ఇది ఒంటిగా దున్నే జాతి. తెలీక జోడీ కట్టిస్తిని. ఒగరింట్లో మడక నిలబెడితిని."

"ఎవురు కొనిచ్చిండేది?"

"నేనే."

రైతు ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. తను ఇప్పించిన సరుకు తప్పని నడిరోడ్డు మీద కూర్చొని చెప్పే దలాలిని మా వైపు ఎవరూ చూసి ఉండరు. నేనైతే చూడలేదు. రైతు బల్ల మీది రౌటర్ తీసుకొచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు.

"అట్లయితే ఇది మాకు పనికొస్తాదేమో కొంచెం సూడప్పా."

పెద్దప్ప తన డబ్బాను ఆ ఇల్లాలికి పట్టుకోమని ఇచ్చి లేచి నిలబడ్డాడు.

"మీ ఇంటి గోడలు రాయివా, ఇటికెవా? రాయి అయితే దీని చూపు దాటదు. గుమ్మానికి ఎదురుగా పెట్టుకోవల్ల. చూడమ్మా, ఒగటే తీసుకోండి. వాడు రెండిస్తానన్నా వద్దనండి."

అంగడాయన లోపల నవ్వుకున్నాడు. బేరం అయిపోయింది. డబ్బాను ఆయన ఒళ్లో తిరిగి పెట్టి ఆ దంపతులు పోయాక ఇంకొకరు వచ్చారు, బల్ల మీది సరుకు పట్టుకొని చూపించడానికి నేరుగా స్టూలు దగ్గరికే వచ్చారు. మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికి బయల్దేరాడు. డబ్బాను కండువాలో చుట్టుకొని, నేనున్న వైపు చూడకుండా, ముందు ఎవరూ లేకపోయినా కొంచెం ఎడమకు జరిగి నడిచిపోయాడు.

అప్పుడు నేను రోడ్డు దాటి, అంగడాయనకు బిల్లు తీసి ఇచ్చాను. పెద్దాయన ఇన్నాళ్లూ పడిగాపులు పడుతున్నాడని, డబ్బులు అక్కర్లేదని, ఊరికే ఆ డబ్బా వాపసు తీసుకుంటే చాలని చెప్పాను. అంగడాయన బిల్లు చూశాడు. మడతపెట్టి, దాన్ని నా జేబులోనే తిరిగి పెట్టాడు.

"బిల్లు లేదని చెప్పే రోజూ రేపు రమ్మంటున్నాను. ఇది ఆయన కంట పడనీకండి సార్" అన్నాడు. "వాపసు తీసుకుంటే, రేపు ఏం పట్టుకొని వస్తాడు?"